చెఱువు చేపలను గుర్తించు విధము

(కర్షకుల ఉపయోగార్థము)

నారుమడిలో వరితో పాటు ఊదయు మొలచును. రెండింటి మొలకలును చూపునకు ఒక్క తీరుననే యుండును. అయినను అనుభవశాలియగు కర్షకుడు ఆకు కాండమును కలియు చోటును పరికించును. అచ్చట నాలుక వంటి పలుచని పొర యున్నచో అది వరి. లేనిచో అది ఊద. ఈ చిన్న గుర్తు నెఱిగినవాడు ఊదను పెఱికివేయును. ఎఱుగనివాడు ఊదనే నాటుకొని కోతకాలమున చింతించును.

చేపల పెంపకమునందును ఇట్లే జరుగుచుండును. వానలు పడి చెఱువు నిండిన వెంటనే కర్షకుడు చేపపిల్లలను కొని వదలును. అవి బొచ్చెపిల్లలో, వాలుగపిల్లలో చూడక వదలినచో ఆ పొరపాటు నీటి అడుగున దాగియుండి, 8 లేక 10 నెలల పిదప వల లాగిన దినమున గాని బయటపడదు. పొలములోని కలుపు కంటికి కనబడును. చెఱువులోని కలుపు కనబడదు. పొలములోని కలుపు పైరు యొక్క ఆహారమును పంచుకొనును. చెఱువులోని కలుపు పైరునే తినివేయును. కావున చేపలను పెంచదలచిన ప్రతి కర్షకుడును ముందుగా నేర్వవలసిన విద్య వానిని గుర్తించుటయే.

1. పేరు కంటె గుర్తు ముఖ్యము

ఒకే చేపకు ఊరూరను వేఱు పేరు కలదు. తెలంగాణమున రవ్వ యనబడు చేపను కృష్ణా గోదావరీ మండలములలో శీలావతి యందురు. అంగడివారు రోహు అందురు. ఒకచోట ఎఱ్ఱమోసు అనునది మఱియొకచోట మ్రిగాల యగును. కావున అమ్మువాడు చెప్పిన పేరును మాత్రమే నమ్మి కొనుట క్షేమము కాదు.

చేపల పేర్లను, గుర్తులను జతపఱచి వ్రాయు పని ఈ దేశమున రెండు శతాబ్దములకు పూర్వమే ఆరంభమయ్యెను. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున సేకరించిన 200 చేపలను వర్ణించి, బొమ్మలతో 1803లో గ్రంథముగా ప్రకటించి, అందు స్థానికులు వాడు పేర్లను కూడ చేర్చెను. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలను గూర్చి వ్రాసిన గ్రంథమున దేశీయుల పేర్లనే శాస్త్రనామములుగా గ్రహించెను. రోహిత, కట్ల, మ్రిగాల, కాల్బసు అనునవి అట్లు ఏర్పడినవే. పేర్లు ఎన్ని మాఱినను గుర్తులు మాఱవు. గుర్తులను నేర్చినవాడు ఏ యూరికి పోయినను మోసపోడు.

2. చేపను పరీక్షించు క్రమము

చేపను పట్టుకొనునపుడు చేతులను తడిపికొనవలెను. పొడిచేయి తగిలినచో ఒడలిపైనున్న జిగురుపొర ఊడి, చేప రోగమునకు లోనగును. పిమ్మట ఈ క్రింది ఐదు ప్రశ్నలను వరుసగా వేసికొనవలెను.

మొదటిది: ఒడలిపై పొలుసులు కలవా, లేవా?

రెండవది: మూతి చుట్టును మీసములు కలవా? కలిగినచో ఎన్ని జతలు?

మూడవది: నోరు ఏ దిక్కునకు తెఱచును? పైకా, ముందుకా, క్రిందికా? నోటి చీలిక కంటి వఱకు పోవుచున్నదా?

నాలుగవది: వీపు రెక్క పొట్టిదా, వీపు పొడవునను సాగినదా?

ఐదవది: రెక్కలలో గట్టి ముండ్లు కలవా, మెత్తని కాడలు మాత్రమే కలవా?

రంగును ప్రధానముగా నమ్మరాదు. బురదనీటిలో పెరిగిన చేప పాలిపోవును. తేటనీటిలో నాచు నడుమ పెరిగినది నల్లబడును. వయస్సును బట్టి, ఋతువును బట్టి రంగు మాఱును. నోరు, మీసములు, రెక్కలు మాఱవు.

ఈ ఐదింటిలో నోరు అన్నిటికంటె మిక్కిలి చెప్పును. నోటి అమరికను చూచినచో ఆ చేప ఏమి తినునో, నీటిలో ఏ మట్టమున మేయునో తెలియును. చెఱువును మూడంతస్తుల మేడగా భావించినచో, పైకి తెఱచు నోరు పై అంతస్తుది. ముందుకు లేక కొంచెము క్రిందికి తెఱచు నోరు నడిమి అంతస్తుది. పూర్తిగా క్రిందికి తిరిగిన నోరు అడుగు అంతస్తుది. కంటి వఱకు చీలి, లోపల పండ్లు కలిగిన పెద్దనోరు తోటిచేపలను మ్రింగునది.

3. పెంపకమునకు ముఖ్యమైన మూడు చేపలు

బొచ్చె: దీనికి తల మిక్కిలి పెద్దది. క్రింది దవడ ముందుకు వచ్చి పైకి తిరిగి యుండును. మీసములు బొత్తిగా లేవు. పొలుసులు పెద్దవి. పై నీటిలో తేలియాడు సూక్ష్మప్రాణులను మొప్పల జల్లెడతో వడియగట్టి తినును. త్వరగా పెరుగును.

రవ్వ లేక శీలావతి: ఒడలు కదురు వలె రెండు కొనలను సన్నగిలి యుండును. తల చిన్నది. నోరు కొంచెము క్రిందికి తిరిగి యుండును. పెదవులు దళసరివై, వాని అంచు కుచ్చు వలె చీలియుండును. ఈ కుచ్చుపెదవియే దీని నిశ్చయమైన గుర్తు. నోటి మూలల యొద్ద ఒక జత చిన్న మీసములు దాగియుండును. ఇది నడిమి నీటిలో నాచును, కుళ్ళిన ఆకులను మేయును.

ఎఱ్ఱమోసు లేక మ్రిగాల: దూరమునుండి రవ్వను పోలియుండును, ఒడలు ఇంకను సన్నము. మూతి మొద్దుగా నుండి, వెడల్పైన నోరు క్రిందికి తెఱచును. పెదవులు పలుచనివి, కుచ్చు లేదు. మూతిపై ఒక జత పొట్టి మీసములుండును. ఇది అడుగు మట్టిలోని కుళ్ళును తినును.

రవ్వను, ఎఱ్ఱమోసును వేఱుపఱచుటకు వ్రేలితో పెదవిని తడవి చూచుట సులభోపాయము. గరుకుగా కుచ్చు తగిలినచో రవ్వ. నునుపుగా నున్నచో ఎఱ్ఱమోసు. ఒడలు నల్లగా నుండి, కుచ్చుపెదవులతో పాటు మీసములు రెండు జతలున్నచో అది రవ్వ కాదు. కాల్బసు అను నల్లచేప. ఇదియు మంచిచేపయే గాని పెరుగుదల మందము.

ఈ గుర్తింపు వలన కలుగు లాభమేమన, మూడు చేపలు మూడు మట్టములలో మేయుచు ఒకదాని తిండికి ఒకటి అడ్డుపడక పెరుగును. రవ్వయని తలచి అన్నియు ఎఱ్ఱమోసు పిల్లలనే వదలినచో అడుగున తిండికి పోటి హెచ్చి, పైనున్న మేత వృథాయగును. చెఱువు నిండ చేపలున్నను తూకము రాదు.

4. పరదేశపు పెంపుడు చేపలు

బంగారుతీగ: ఇది 1939లో నీలగిరులకును, వేఱొక రకము 1957లో కటకమునకును తేబడెను. మీసములు రెండు జతలు. వీపు రెక్క చాల పొడవు. దాని మొదటి ముల్లు గట్టిదై, వెనుక అంచున రంపపు పండ్లు కలిగి యుండును. నోటిని గొట్టము వలె ముందుకు చాచగలదు. రంపపు ముల్లే దీని నిశ్చయమైన గుర్తు. బొచ్చె, రవ్వ, ఎఱ్ఱమోసు అను మూడును నిలువనీటి చెఱువులో గ్రుడ్లు పెట్టవు, బంగారుతీగ పెట్టును. అడుగు మట్టిని, గట్టు మొదళ్ళను త్రవ్వి మేయు స్వభావము కలది కాన, మట్టిగట్లు బలహీనముగా నున్న చిన్న కుంటలలో దీనిని మితముగా ఉంచవలెను.

గడ్డిచేప: ఇది 1959లో తేబడెను. ఒడలు దుంగ వలె గుండ్రన; పొలుసులు పెద్దవి; మీసములు లేవు; నోరు ముందుకు తెఱచును. నీటిలోని కలుపును మేయును. పండ్లు నోటిలో గాక గొంతులో నుండును. కలుపు హెచ్చిన చెఱువునకు ఇది మేలు చేయును. వరిపొలములోనికి వచ్చినచో లేతపైరును కూడ మేయును గావున, మడికి నీరు పాఱు తూము నోట జాలి కట్టవలెను.

వెండిచేప: ఇదియు 1959లోనే వచ్చెను. పొలుసులు మిక్కిలి చిన్నవి. కన్ను తలలో క్రిందుగా, నోటికంటె దిగువగా అమర్చబడి యుండును. గొంతు నుండి ఆసనము వఱకు పొట్ట అడుగున కత్తి అంచు వంటి కోణము కలదు. పెద్దతల చేప అను మఱియొక రకమునకు ఆ అంచు కడుపు రెక్కల వెనుక మాత్రమే యుండును. ఒడలిపై నల్లని మరకలు కనబడును. ఈ రెండును పై నీటి మేతకు బొచ్చెతో పోటిపడును. బొచ్చెపిల్లలని వీనిని కొన్నవాడు ధరలో నష్టపడును. బొచ్చెకు పెద్ద పొలుసులు, వీనికి చిన్న పొలుసులు అను భేదము చాలును.

5. పిల్లలను తిను చేపలు

వాలుగ: పొలుసులు లేవు. నోటి చీలిక కంటిని దాటి వెనుకకు పోవును. లోపల వాడియగు పండ్లు వరుసలుగా నుండును. మీసములు రెండు జతలు. వానిలో పై జత మిక్కిలి పొడవు. వీపు రెక్క చాల చిన్నది. ఆసనపు రెక్క ఒడలి అడుగున తోక వఱకు సాగును. చెఱువులో ఇంతకంటె ఆకలిగొన్న చేప లేదు.

జెల్ల: పొలుసులు లేవు. మీసములు నాలుగు జతలు. వీపు రెక్కకును తోకకును నడుమ, కాడలు లేని చిన్న మెత్తని కండరెక్క యుండును. ఈ కండరెక్క వలన జెల్లను సులభముగా పోల్చవచ్చును. వీపు ముల్లును, ప్రక్క ముండ్లును గాయపఱచును.

ఇంగిలాయి: పొలుసులు లేవు. మీసములు నాలుగు జతలు. వీపు రెక్క పొట్టిది. ఆసనపు రెక్క పొడవు. ప్రక్క రెక్కల ముండ్లలో విషము కలదు. గ్రుచ్చుకొనినచో తీవ్రమైన బాధ కలుగును. దీనిని ఒట్టిచేతితో పట్టరాదు.

కొరమీను జాతి: వీనికి పొలుసులు కలవు గాన మొదటి ప్రశ్నతోనే నిర్ణయింపరాదు. తల పాము తల వలె చదునై, దానిపై పెద్ద పొలుసులు పెంకుల వలె పఱచుకొని యుండును. వీపు రెక్కయు, ఆసనపు రెక్కయు ముండ్లు లేక పొడవుగా సాగును. ఇవి గాలిని పీల్చి బ్రదుకగలవు. నీరు ఎండినను తడిమట్టిలో దాగి నిలువగలవు. కావున చెఱువు ఎండినంత మాత్రమున కొరమీను లేదని తలపరాదు.

కొరమీను బొచ్చెపిల్లల చెఱువులో శత్రువు. విడిగా పెంచినచో మంచి ధర తెచ్చు పంట. తెలంగాణమునకు ఇదియే రాష్ట్రమత్స్యము. కాన దీనిని పెంచువారు దీని బంధువుల నుండి వేఱుచేసి గుర్తింపవలెను. కొరమీను వీపు రెక్కలో సుమారు 37 నుండి 46 వఱకు కాడలుండును. మట్టగిడసకు 28 నుండి 33 వఱకు మాత్రమే. ఒడలిపై నల్లని చుక్కలు చల్లినట్లుండును. ఇది అడుగునకు మించి పెరుగుట అరుదు. పూమీనునకు కాడలు 45 నుండి 55 వఱకు కలవు. తోక మొదట కన్ను వంటి నల్లమచ్చ, చుట్టును తేలికరంగు వలయముతో కనబడును. మట్టగిడస పిల్లలను కొరమీను పిల్లలని కొన్నవాడు ఏడాది మేపినను తూకము చూడలేడు. వీపు రెక్కను విప్పి కాడలను లెక్కించుట కొన్ని నిమిషముల పని. ఆ కొన్ని నిమిషములు ఒక సంవత్సరపు శ్రమను కాపాడును.

6. రెండు మార్పులు

మార్పు అనునది ఈ దేశపు పాతచేప. పొలుసులు లేవు, మీసములు నాలుగు జతలు, వీపు రెక్క తల వెనుక నుండి తోక వఱకు సాగును. ఇంగిలాయికి పొట్టి వీపు రెక్కయు, మార్పునకు పొడవైన వీపు రెక్కయు నుండుట రెండింటికి గల భేదము. మార్పు అడుగున్నర పొడవు దాటుట అరుదు. ఇది ఇప్పుడు చెఱువులలో క్షీణించుచున్నది.

దీని పేరు చెప్పి అమ్మబడు మఱియొకటి ఆఫ్రికా మార్పు. 1990ల దశాబ్దమున అనుమతి లేకుండ దేశములో ప్రవేశించెను. ఇది 3 అడుగులకు మించి పెరుగగలదు. చేపలను, కప్పలను, నీటిపక్షుల పిల్లలను సైతము మ్రింగును. దీని పెంపకమును ప్రభుత్వము నిషేధించినది. 2019లో జాతీయ హరిత న్యాయస్థానము ఈ చేప నిలువలను నాశనము చేయవలెనని ఆదేశించెను. తెలియక పెంచితినను మాట చట్టము ముందు రక్షణ కాజాలదు. కావున ఈ రెండింటి భేదమును కర్షకుడు తప్పక నేర్వవలెను.

తల వెనుక, వీపు మొదలగు చోట పుఱ్ఱె ఎముక అంచును వ్రేలితో తడవి చూడవలెను. దేశపు మార్పునకు అది నడుమ ఒక్క మొనగా ముగియును. ఆఫ్రికా మార్పునకు వెడల్పుగా, మూడు మొనలుగా ముగియును. ఆఫ్రికా మార్పు తలపై ఎముక ఇసుక చల్లినట్లు గరుకుగా నుండును; ఒడలిపై పాలరాతి మీది మరకల వంటి చాఱలు కనబడును. ఇంకను సంశయము మిగిలినచో మండలములోని మత్స్యశాఖాధికారికి చేపను చూపవలెను. ఎట్టి పరిస్థితిలోను సంశయము గల చేపను నీటిలో వదలరాదు.

7. జిలేబి, దాని వలన కలుగు చిక్కు

జిలేబి యనబడు తిలాపియా 1952లో దేశమునకు తేబడెను. వీపు రెక్క ఒక్కటే యైనను, ముందు భాగమున వరుసగా గట్టి ముండ్లు, వెనుక భాగమున మెత్తని కాడలు కలవు. ప్రక్కగీత తెగి రెండు ముక్కలుగా నుండును. పొలుసులు కలవు, మీసములు లేవు. పెట్ట తన గ్రుడ్లను, పిల్లలను నోటిలో నుంచుకొని కాపాడును. ఇందువలన పిల్లలు చాల బ్రదికి, చెఱువు అరచేతి పొడవు దాటని గిడసచేపలతో నిండిపోవును. మేత వానికే చాలక, పెంపుడు చేపలకు మిగులదు.

ఇట్టి చిక్కు ఈ దేశమునకే పరిమితము కాదు. అమెరికా దేశమున పొలముల కుంటలలో గాలమునకు చిక్కు సూర్యమీనములు అను చిన్న చేపలు పలు రకములు. వానిలో నీలిమొప్ప అను రకము కుంటలో పెద్దచేపలకు మేతగా ఉపయోగపడును. పచ్చ సూర్యమీనము అనునది పిల్లలను తినును. రెండును అరచేయి వెడల్పున చూపునకు ఒకటే. అచ్చటి గాలమువారు వానిని నోటితోనే వేఱుపఱతురు. నీలిమొప్పకు నోరు చిన్నదై కంటి వఱకు రాదు. ప్రక్క రెక్కలు పొడవై మొనదేలి యుండును. వీపు రెక్క చివర నల్లమచ్చ యుండును. పచ్చ సూర్యమీనమునకు నోరు పెద్దదై కంటి క్రిందికి వచ్చును. ప్రక్క రెక్కలు పొట్టివై గుండ్రముగా నుండును. రెక్కల అంచున లేత పసుపు గీత యుండును.

ఆ నీలిమొప్పనే 1960లో చికాగో నగరాధ్యక్షుడు జపాను యువరాజగు అకిహితోకు కానుకగా నిచ్చెను. ఆయన దానిని పెంపకము నిమిత్తము తన దేశపు మత్స్యశాఖకు అప్పగించెను. అది నీళ్ళలో వ్యాపించి, బివా అను మహాసరస్సునందు దేశీయ చేపలకు కంటకమయ్యెను. 2007లో చక్రవర్తిగా నుండిన ఆయన ఆ సంగతిని బహిరంగముగా ప్రస్తావించి విచారము వెలిబుచ్చెను. మేలు తలచి తెచ్చిన చేప యైనను నీటిలో పడిన పిదప వెనుకకు పిలిచినచో రాదు. ఏరుల వెంట, కాలువల వెంట ఊరూరను పోవును. ఈ సంగతి మన చెఱువులకును వర్తించును. ఏలయన గొలుసుచెఱువులలో ఒక చెఱువు అలుగు నీరు తరువాతి చెఱువునకు చేరును. ఒక కర్షకుని పొరపాటు దిగువ నున్న ఊళ్ళన్నిటి పొరపాటు అగును.

8. గాలము వలన తెలియు సంగతులు

పిల్లలను వదలుటకు ముందు చెఱువులో ఏమి యున్నదో తెలిసికొనుటకు గాలము చౌకయైన సాధనము. వేఱువేఱు ఎరలతో వేఱువేఱు తావుల వేసి చూడవలెను. వానపామును ఎరగా కట్టి అడుగున వేసినచో జెల్ల, మార్పు, ఇంగిలాయి వంటివి చిక్కును. చిన్న కప్పను ఎరగా కట్టి తుంగ, తామరాకుల అంచున వేసినచో కొరమీను చిక్కును. తవుడుముద్ద, పిండిముద్ద వేసినచో రవ్వ, ఎఱ్ఱమోసు, బంగారుతీగ చిక్కును. చిక్కిన ప్రతి చేపను పైని ఐదు ప్రశ్నలతో పరీక్షించి, సంఖ్యను పలకపైనో పుస్తకముననో వ్రాసికొనవలెను. పది దినములు వేసినను పిల్లలను తిను చేప ఒకటియు చిక్కలేదన్నంత మాత్రమున అది లేదని నిశ్చయింపరాదు. ఒకటి చిక్కినచో మాత్రము అది కలదని నిశ్చయము. దానితో పాటు వలను కూడ వేసి చూచుట ఉత్తమము.

9. విత్తనమును పరీక్షించుట

పూర్వము చేపవిత్తనమును వఱదకాలమున నదులలో పట్టి తెచ్చెడివారు; అందు అన్ని జాతుల పిల్లలును కలిసియుండెడివి. 1957 జూలై 10వ తేదీన హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు ఒడిషాలో చేపలకు మందు సూది వేసి గ్రుడ్లు పెట్టించుటలో జయము పొందెను. అప్పటినుండి స్వచ్ఛమైన విత్తనమును కేంద్రములలో తయారు చేయుట సాధ్యమయ్యెను. అయినను తల్లిచేపల ఎంపికలో, తొట్లలో, రవాణాలో కలగలుపు జరుగుచునే యున్నది. కొనువాడు కన్ను తెఱచియుండుట అవసరము.

విత్తనపు పాత్రలోని నీటిని మెల్లగా కలిపి, నడుమ నుండి 100 పిల్లలను తెల్లని పింగాణి పళ్ళెములోనికి తీయవలెను. పైనుండి మాత్రమే తీసినచో అడుగున నుండునవి తప్పిపోవును. తెల్లని పళ్ళెములో ఆకారము స్పష్టముగా కనబడును. తల పెద్దదై, తోక మొదట మచ్చ లేనిది బొచ్చెపిల్ల. తోక మొదట నల్లమచ్చ కలిగి, ఒడలు సన్నముగా నున్నవి రవ్వ లేక ఎఱ్ఱమోసు పిల్లలు. వ్రేలెడు పొడవు వచ్చిన పిదప పెదవిని చూచి వేఱుపఱపవచ్చును. మీసములు పొడవై అడుగున ప్రాకునవి జెల్ల, మార్పు జాతులవి. నారింజరంగు కలిగి గుంపుగా కదలునవియు, కొంత ఎదిగి గాలికై మాటిమాటికి పైకి వచ్చునవియు కొరమీను జాతివి.

100 పిల్లలలో పరజాతివి 5 కనబడినచో 10,000 పిల్లలలో సుమారు 500 ఉండునని లెక్క. అట్టి విత్తనమును ఎంత చౌకయైనను తిరస్కరింపవలెను. ఆ 500 పిల్లలు మిగిలినవానిని తిని పెరుగును గాన, నష్టము నూటికి 5 వంతులతో ఆగదు.

10. గుర్తించిన పిదప చేయవలసిన పని

పిల్లలను తిను చేపలు చెఱువులో కలవని తెలిసినచో మూడు మార్గములు కలవు.

మొదటిది, వేసవిలో నీరు తీసి అడుగు పగులువాఱునట్లు ఎండగట్టుట. తడి మిగిలిన గుంటలలో కొరమీను దాగును గాన, వానిని వెదకి పట్టవలెను.

రెండవది, నీరు తీయుటకు వీలులేని సొంత కుంటలలో ఇప్పపిండి చల్లుట. ఇప్పగింజల నుండి నూనె తీసిన పిమ్మట మిగులు పిండిని 3 అడుగుల లోతు నీరు గల ఎకరమునకు సుమారు 1000 కిలోల చొప్పున నానబెట్టి చల్లినచో చేపలన్నియు చచ్చి తేలును. అట్లు చచ్చిన చేపలు తినుటకు పనికివచ్చును. విషము 3 వారములలో విఱిగి, పిండి ఎరువుగా మాఱును. ఆ తరువాతనే పిల్లలను వదలవలెను. త్రాగునీటి చెఱువులలోను, పదిమందికి చెందిన చెఱువులలోను ఈ పని చేయరాదు.

మూడవది, పెద్దచెఱువులలో ఈ రెండును సాధ్యము కానపుడు 4 అంగుళములకు తక్కువ గాని పిల్లలనే వదలుట. చిరుపిల్లలను పదివేలు వదలుటకంటె ఎదిగిన పిల్లలను రెండువేలు వదలుట లాభకరము. పెద్ద పిల్లను మ్రింగగల నోరు చెఱువులో కొన్నిటికే యుండును.

నీరు వచ్చు కాలువకును, అలుగునకును సన్నని జాలి కట్టవలెను. ఎంత శుభ్రపఱచిన చెఱువైనను జాలి లేనిచో తొలివఱదతోనే శత్రువు లోనికి వచ్చును.

11. సంగ్రహము

మీసములు లేక, పైకి తెఱచు నోరు, పెద్దతల, పెద్ద పొలుసులు: బొచ్చె.

కుచ్చుపెదవి, ఒక జత చిన్న మీసములు: రవ్వ.

నునుపుపెదవి, క్రిందికి తెఱచు వెడల్పునోరు: ఎఱ్ఱమోసు.

రెండు జతల మీసములు, పొడవైన వీపు రెక్కకు రంపపు ముల్లు: బంగారుతీగ.

చిన్న పొలుసులు, దిగువనున్న కన్ను, పొట్టకు కత్తి అంచు: వెండిచేప.

మీసములు లేని దుంగ వంటి ఒడలు, ముందుకు తెఱచు నోరు: గడ్డిచేప.

వీపు రెక్కకు ముందు ముండ్లు, వెనుక మెత్తని కాడలు, తెగిన ప్రక్కగీత: జిలేబి.

పాముతల, పొడవైన ముండ్లులేని రెక్కలు: కొరమీను జాతి.

పొలుసులు లేక, కంటిని దాటిన నోరు: వాలుగ.

పొలుసులు లేక, తోక ముందు కండరెక్క: జెల్ల.

పొలుసులు లేక, పొట్టి వీపు రెక్క, నాలుగు జతల మీసములు: ఇంగిలాయి, ముల్లు విషము.

పొలుసులు లేక, వీపు పొడవునను రెక్క: మార్పు. పుఱ్ఱె వెనుక ఒక్క మొన యున్నచో దేశీయము. మూడు మొనలున్నచో నిషిద్ధము.

విత్తులోని కల్తీని విత్తుటకు ముందే ఏరవలెను గాని మొలచిన పిదప చింతించి ఫలము లేదు. చెఱువు విషయమున ఇది ఇంకను నిజము. గుర్తింపని చేపను నీటిలో వదలకుండుట అను ఒక్క నియమమును ప్రతి కర్షకుడును పాటించినచో, తన చెఱువే గాక తన దిగువ నున్న చెఱువులన్నియు క్షేమముగా నుండును.